ఖాళీ పికప్ ఎందుకు జారుతుంది: మంచు రోడ్ల నుంచి మొగిలి కనుమ దాకా

డిసెంబరు వస్తే చాలు, మనాలి పైన మంచు రోడ్డు మీద బ్రేకు వేసినా ఆగకుండా కిందికి జారిపోతున్న బండ్ల వీడియోలు మన ఫోన్లలోకి వచ్చిపడతాయి. 2024 డిసెంబరు 23న సోలాంగ్‌కూ అటల్ సొరంగానికీ మధ్య దాదాపు వెయ్యి బండ్లు చిక్కుబడిపోయాయి. తిరుపతి, చిత్తూరు నుంచి మిన్నెసోటాకో మిషిగన్‌కో ఒంటారియోకో వెళ్లిన పిల్లలు కొందరు చవగ్గా దొరికిందని సెకండ్ హ్యాండ్ పికప్ కొంటారు. తొలి చలికాలంలోనే అది ఇంటి ముందున్న చిన్న ఎత్తు కూడా ఎక్కక మొరాయిస్తుంది.

రెండు చోట్లా వినిపించే సలహా ఒకటే: ఫోర్ బై ఫోర్, అంటే నాలుగు చక్రాలకూ ఇంజన్ బలం అందే బండి కొనండి. ఆ మాటలో నిజం సగమే. రెండు చక్రాలకే బలం అందే టూ వీల్ డ్రైవ్ పికప్ మంచులో ఎందుకు తడబడుతుంది, దానికి వందేళ్లుగా ఎవరెవరు ఏం చేశారు అన్నది చూస్తే, మంచు మొహం ఎరగని మన కనుమ దారులకూ పనికొచ్చే సంగతులు అందులో చాలా ఉన్నాయి. పలమనేరు నుంచి చిత్తూరుకు దిగే మొగిలి కనుమలోనో, మదనపల్లె దారిలోని భాకరాపేట కనుమలోనో, తడిసిన మలుపు దగ్గర ఖాళీ పికప్ వెనక భాగం పక్కకు లాగేయడం అక్కడ బండి తోలేవాళ్లకు తెలియనిది కాదు. మంచులో జారే బండికీ దీనికీ ఉన్న లోపం ఒకటే. అది బండి పుట్టుకలోనే ఉంది.

అమెరికాలో రైతులు మొదట్లో కారు వెనక భాగం కోయించి, సొంతంగా పెట్టె బిగించుకునేవారు. ఫోర్డ్ కంపెనీ 1925 ఏప్రిల్‌లో మోడల్ టీ కారుకు ఫ్యాక్టరీలోనే వెనక బాడీ బిగించి 281 డాలర్లకు అమ్మకానికి పెట్టింది. ఇంజన్ ముందు, దాని బలం అందేది వెనక చక్రాలకు. లోడు వేసే బండికి ఈ ఏర్పాటు సరైనదే. సరుకు బరువంతా బలం అందే చక్రాల మీదే పడుతుంది; ఎత్తు ఎక్కేటప్పుడు ఇంకాస్త బరువు వెనక్కి వాలుతుంది. అందుకే మన టాటా 207 నుంచి బొలెరో పికప్ దాకా, 2005లో వచ్చిన టాటా ఏస్ దాకా, అన్నీ ఆ దారినే నడిచాయి.

చిక్కంతా సరుకు దించాకే. ఖాళీ పికప్‌లో దాదాపు 60 శాతం బరువు ముందు చక్రాల మీద ఉంటుంది. లాగాల్సిన వెనక చక్రాల మీద మిగిలేది 40 శాతమే. బండి మొత్తం 1,700 కిలోలనుకుందాం. వెనక పడే బరువు సుమారు 700 కిలోలు. పొడి తారు రోడ్డు మీద టైరుకు దొరికే పట్టు, మీద పడిన బరువులో 70 శాతం దాకా ఉంటుంది. అదే గట్టిపడిన మంచు మీద 20, 25 శాతం. గాజులా గడ్డకట్టిన ఐసు మీద 10 శాతమో, ఇంకా తక్కువో. అంటే ఐసు మీద ఆ వెనక చక్రాలు తోయగలిగింది 70 కిలోల బలంతోనే. వంద మీటర్లకు ఐదు మీటర్లు లేచే మామూలు ఎత్తు ఎక్కాలన్నా ఈ బండికి 85 కిలోల బలం కావాలి. ఇంజన్‌లో ఎన్ని గుర్రాల శక్తి ఉన్నా ఈ లెక్క మారదు. యాక్సిలరేటర్ తొక్కేకొద్దీ చక్రం ఉన్నచోటే తిరిగి, కింది మంచును కరిగించి, ఇంకా నున్నగా చేస్తుంది.

వెనక ఇరుసు మధ్యలో ఉండే గేర్ల పెట్టె, డిఫరెన్షియల్, దీనికి తోడవుతుంది. మన మెకానిక్కులు హౌసింగ్ అనేది దాన్నే. మలుపులో లోపలి చక్రం నెమ్మదిగా, బయటి చక్రం వేగంగా తిరగాలి కాబట్టి అది రెంటినీ వేర్వేరు వేగాలతో తిరగనిస్తూనే సమానంగా బలం పంచుతుంది. ఒక చక్రం ఐసు మీద ఉంటే ఆ చక్రానికి చెల్లేంత బలమే రెండోదానికీ అందుతుంది. అందుకే బురదలో దిగబడిన బండికి ఒక్క చక్రమే గిరగిరా తిరుగుతూ, రెండోది కదలకుండా నిలబడి ఉంటుంది. రెండు చక్రాలనూ కొంతవరకు కలిపి పట్టే డిఫరెన్షియల్‌ను 1956లో స్టూడీబేకర్-ప్యాకార్డ్ కంపెనీ తన కార్లలో తెచ్చింది. తర్వాత అది పికప్‌లకూ వచ్చింది.

మంచు దేశాల రైతులు దీనికి కనిపెట్టిన మొదటి మందు ఇసుక బస్తా. అక్కడి హార్డ్‌వేర్ కొట్లలో ఇప్పటికీ చలికాలంలో 27 కిలోల పొడవాటి ఇసుక సంచులు అమ్ముతారు. వాటిని వెనక ఇరుసుకు సరిగ్గా పైన, లేదా కొంచెం ముందుకు పేర్చి, కదలకుండా కట్టాలి. తలుపు దగ్గర, అంటే బాడీ చివర వేస్తే ముందు భాగం తేలికై స్టీరింగ్ మాట వినదు. కట్టకుండా వదిలేస్తే గట్టి బ్రేకు పడినప్పుడు బస్తాలు క్యాబిన్ మీదికి వస్తాయి. బండి దిగబడితే అదే ఇసుక చక్రం కింద చల్లుకోవచ్చు. అయితే పైన వేసిన లెక్కలోనే 150 కిలోల ఇసుక కలిపి చూడండి. వెనక చక్రాల తోపు 85 కిలోలకు పెరుగుతుంది. బండి బరువు కూడా పెరిగింది కాబట్టి ఆ ఎత్తుకు కావాల్సింది 92 కిలోలు. ఐసు మీద ఒట్టి ఇసుకతో పని జరగదు.

పట్టును పెంచేది గొలుసు, టైరు. న్యూయార్క్ రాష్ట్రానికి చెందిన హ్యారీ వీడ్ చక్రానికి చుట్టే గొలుసుకు 1904లో పేటెంటు పొందాడు. మనాలిలో నేడు అద్దెకు ఇచ్చేవి దాని వారసులే. ఇక్కడొక సంగతి గట్టిగా గుర్తుంచుకోవాలి: గొలుసు బలం అందే చక్రాలకు వేయాలి. మామూలు కార్లలో ఎక్కువ వాటికి అవి ముందు చక్రాలు, పికప్‌కు వెనక చక్రాలు. పక్కబండి వాళ్లను చూసి ముందు చక్రాలకు వేసుకుంటే పికప్ ఎత్తు ఎక్కదు.

ఫిన్లాండ్‌లో నోకియా ఊరి రబ్బరు కంపెనీ 1934లో లారీల కోసం మొదటి చలికాలపు టైరు చేసింది. రెండేళ్లకు హక్కపెలిట్టా పేరుతో కార్లకూ తెచ్చింది. మామూలు టైరు రబ్బరు ఉష్ణోగ్రత 7 డిగ్రీల కిందికి పోయేకొద్దీ బిగుసుకుపోతుంది. చలికాలపు టైరు రబ్బరు మెత్తగానే ఉంటుంది, దాని మీది సన్నని గాట్లు మంచును పట్టుకుంటాయి. నన్నడిగితే ఈ కథంతటిలో అన్నిటికన్నా పెద్ద మలుపు ఇదే. దీని తర్వాత వచ్చినవేవీ ఇంత మేలు చేయలేదు.

ఫోర్ బై ఫోర్‌కు పేరు రావడం యుద్ధంతో మొదలైంది. 1941 నుంచి వేలకొద్దీ తయారైన విల్లీస్ జీపు బురదలో, మంచులో తిరగడం సైనికులు కళ్లారా చూశారు. యుద్ధం ముగిశాక డాడ్జ్ కంపెనీ పవర్ వాగన్ పికప్‌ను జనానికి అమ్మింది. 1957లో షెవ్రొలే, 1959లో ఫోర్డ్ ఫ్యాక్టరీ నుంచే ఫోర్ బై ఫోర్ పికప్‌లు తెచ్చాయి. మన దేశంలో మహీంద్రా వాళ్లు 1940ల చివర్లో జీపులు బిగించడం మొదలుపెట్టారు. మంచులో కదలడానికి నాలుగు చక్రాల బలం నిజంగానే అక్కరకొస్తుంది. అప్పుడు బండి బరువంతా తోపుకే పనిచేస్తుంది. కానీ ఆపడం వేరే సంగతి. బ్రేకు ఏ బండికైనా నాలుగు చక్రాలకూ ఉంటుంది. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో పొడి తారు మీద బ్రేకు పడ్డాక 9 మీటర్లలో ఆగే బండి, ఐసు మీద 60 మీటర్లు దాటి పోతుంది. అది ఫోర్ బై ఫోర్ అయినా అంతే. కొండల్లో ఖరీదైన ఫోర్ బై ఫోర్ బండ్లు కూడా లోయల్లో పడుతున్నాయంటే, సులువుగా ఎక్కగలిగాం కాబట్టి సులువుగా ఆగగలం అనుకోవడమే అందుకు పెద్ద కారణం.

ఆపే సంగతి మీద పికప్‌లకు ప్రత్యేకంగా పని జరిగింది 1980ల్లో. ఖాళీ పికప్‌లో గట్టిగా బ్రేకు వేస్తే బరువు లేని వెనక చక్రాలు ముందుగా పట్టేస్తాయి. పట్టేసిన చక్రానికి పక్కకు జారకుండా ఆపే శక్తి పోతుంది. బండి అడ్డం తిరుగుతుంది. 1987లో ఫోర్డ్ తన ఎఫ్ సిరీస్ పికప్‌లన్నిటికీ వెనక చక్రాలకు మాత్రమే పనిచేసే, చక్రం పట్టేయకుండా చూసే యాంటీ లాక్ బ్రేకు బిగించింది. 2012 మోడళ్ల నుంచి అమెరికాలో కార్లకూ తేలికపాటి పికప్‌లకూ, బండి అడ్డం తిరగకుండా చూసే ఎలక్ట్రానిక్ ఏర్పాటు తప్పనిసరి అయింది. టైర్ల మీదా చట్టాలు వచ్చాయి. కెనడాలోని క్విబెక్‌లో 2008 నుంచి చలికాలపు టైరు లేని కారు రోడ్డెక్కకూడదు. జర్మనీ 2010లో మంచు, ఐసు ఉన్న రోడ్ల మీద అలాంటి టైర్లనే వాడాలని నిబంధన తెచ్చింది. ఆస్ట్రియాలో చలికాలపు టైరు గాటు లోతు 4 మిల్లీమీటర్లకు తగ్గితే దాన్ని చలికాలపు టైరుగా లెక్కించరు.

ఈ వరసలో నాకు ముఖ్యంగా కనిపించేది ఇది. బండి జారితే మొదట్లో అక్కడా డ్రైవరునే తప్పుపట్టారు. క్రమంగా ఆ బాధ్యతను టైరు చేసినవాడు, బ్రేకు చేసినవాడు, బండి అమ్మినవాడు, చట్టం రాసినవాడు పంచుకోవాల్సి వచ్చింది. మన దగ్గర కనుమలో పికప్ బోల్తా పడితే మర్నాటి వార్తలో మామూలుగా కనిపించేది “అతివేగం, డ్రైవరు నిర్లక్ష్యం” అన్న మాటే. వెనక టైరు ఎంత అరిగి ఉందో ఎవరూ రాయరు.

దీనికి తిరుమల కొంత మినహాయింపు. మొదటి ఘాట్ రోడ్డును 1944 ఏప్రిల్‌లో అప్పటి మద్రాసు గవర్నరు ఆర్థర్ హోప్ ప్రారంభించారు. దాని రూపకల్పనలో మోక్షగుండం విశ్వేశ్వరయ్య పేరు చెబుతారు. 1970ల్లో రెండో దారి వచ్చాక ఎక్కేది ఒకటి, దిగేది ఒకటి అయ్యాయి. మలుపులో ఎదురు బండి వస్తుందన్న భయం పోయింది. బయల్దేరిన సమయం చీటీలో వేసి, పెట్టిన గడువు కన్నా ముందే చేరిన బండికి జరిమానా వేసే పద్ధతీ అక్కడ ఉంది. దారి బాధ్యతను దారి యజమాని తీసుకుంటే ఎలా ఉంటుందో ఇది చూపిస్తుంది. కొండ మీదికి పాలు, కూరగాయలు చేరవేసి ఖాళీగా దిగే పికప్‌లకు ఇది పెద్ద రక్ష. మొగిలికీ భాకరాపేటకూ ఆ భాగ్యం లేదు.

టమోటా క్రేట్లు మండీలో దించి పల్లెకు తిరిగొచ్చే బండి, తోతాపురి కాయలు గుజ్జు ఫ్యాక్టరీలో దించి తోటకు తిరిగొచ్చే బండి, రెండూ ఖాళీవే. తడి రోడ్డు పట్టు ఐసు అంత అధ్వానం కాదు, పొడి రోడ్డు పట్టులో సగం పైచిలుకు ఉంటుంది. ఎండాకాలమంతా పేరుకున్న దుమ్ము, నూనె, రబ్బరు పొడి మీద మొదటి జల్లు పడిన అరగంట మాత్రం నమ్మరానిది. ఎక్కిన గేరులోనే దిగాలన్న మన పాత డ్రైవర్ల మాట ఇక్కడ బంగారం. అందులో ఒక మెలకువ కూడా ఉంది. మూడు నుంచి రెండుకు మార్చి క్లచ్ ఒక్కసారిగా వదిలితే ఇంజన్ పట్టు వెనక చక్రాలకే తగులుతుంది. ఖాళీ బండిలో అది వెనక బ్రేకు ఒక్కటే వేసినంత పని చేస్తుంది. గేరు మలుపుకు ముందే, తిన్నటి రోడ్డు మీద మార్చి, క్లచ్ మెల్లగా వదలాలి. మంచులో పికప్ తోలేవాళ్లు పాటించేదీ ఇదే. కదిలేటప్పుడు వాళ్లు చాలాసార్లు రెండో గేరులో కదులుతారు, చక్రం ఒక్కసారిగా తిరగకుండా. వెనక భాగం జారడం మొదలైతే బ్రేకు మీంచి, యాక్సిలరేటర్ మీంచి కాలు తీసి, పోవాల్సిన వైపుకే చూస్తూ స్టీరింగ్ అటు తిప్పుతారు.

ఒకసారి ఖాళీ పికప్ వెనక వంగి చూడండి. కమాను కట్టలు విల్లులా పైకి లేచి ఉంటాయి, అడుగున ఉన్న మందపాటి కట్ట దేనికీ ఆనకుండా వేలాడుతుంటుంది. చాలా బండ్లలో ఇరుసు నుంచి ఛాసిస్‌కు బిగించిన ఒక వాల్వు దాకా సన్నని కడ్డీ ఒకటి పోతుంది. లోడు పడి బాడీ కిందికి దిగితే ఆ కడ్డీ కదిలి వెనక బ్రేకుకు ఒత్తిడి పెంచుతుంది. ఖాళీగా ఉంటే తగ్గిస్తుంది. ఖాళీ బండి అడ్డం తిరగకుండా పెట్టిన ఏర్పాటు అది. ఎక్కువ లోడు వేసుకోవాలని అదనపు కట్టలు కొట్టిస్తే బాడీ ఉండాల్సినదానికన్నా ఎత్తులో నిలుస్తుంది, వాల్వు లెక్క తప్పుతుంది, నిండు లోడుతో దిగేటప్పుడు వెనక బ్రేకు చాలదు. కడ్డీ విరిగితేనో, రిపేరులో విప్పి పక్కన పడేస్తేనో ఖాళీ బండికి ఉన్న ఆ రక్షా పోతుంది.

ఇక టైర్లు. పెద్ద లారీల అలవాటు కొద్దీ పికప్‌లకూ కొత్త టైర్లు ముందు వేసి, అరిగినవో రీట్రెడ్ చేసినవో వెనక్కి నెట్టడం మన దగ్గర ఉంది. బలమూ, జారుడూ రెండూ వెనకే ఉన్న బండికి ఇది తలకిందుల పని. మంచి గాట్లున్న జత వెనక ఉండాలి. మన నిబంధనల ప్రకారం గాటు లోతు 1.6 మిల్లీమీటర్లు ఉంటే టైరు చెల్లుతుంది. నీళ్లు నిలిచిన రోడ్డు మీద ఆ లోతుతో వెనక చక్రం నీటిని చీల్చుకుని రోడ్డును పట్టుకోలేదు. టైరు కొనేది యజమాని, ఏ టైరు ఎక్కడ వేయాలో చెప్పేదీ ఆయనే. ఎఫ్‌సీకి, అంటే ఫిట్‌నెస్ పరీక్షకు వచ్చిన పికప్‌కు వెనక టైరు గాటు లోతు కొలిచి, ఆ కడ్డీ తన చోట ఉందో లేదో చూడటానికి ఐదు నిమిషాలు పట్టదు. అక్టోబరులో ఈశాన్య వానలు మొదలయ్యే లోపే ఆ పని జరగాలి.