పర్మాకల్చర్: టాస్మేనియా నుంచి పస్తాపూర్ దాకా, అక్కడి నుంచి ఫార్మ్ ప్లాట్ల దాకా

పోయిన జూలైలో మా బావమరిది ఫోన్ చేశాడు. హైదరాబాద్ నుంచి జహీరాబాద్ వెళ్లే దారిలో పావు ఎకరం ఫార్మ్ ప్లాట్ చూశాడట, బ్రోచర్‌లో ‘పర్మాకల్చర్ కమ్యూనిటీ’ అని పెద్ద అక్షరాలతో ఉందట. ‘అంటే ఏంటి బావా, ఆర్గానిక్ లాంటిదేనా?’ అన్నాడు. కాదురా అని మొదలుపెట్టి పది నిమిషాలు మాట్లాడాను. వాడికి అర్థం కాలేదు, నేను సరిగ్గా చెప్పలేదు కూడా. ఆ మాట ఎక్కడ పుట్టిందో, తిరిగి తిరిగి సరిగ్గా ఆ రోడ్డు పక్కకే ఎలా వచ్చిందో చెప్తే తప్ప అర్థమయ్యే సంగతి కాదది.

ఆర్గానిక్ అంటే ఏం వేయకూడదో చెప్తుంది: యూరియా వద్దు, పురుగుమందు వద్దు. పర్మాకల్చర్ అడిగే ప్రశ్న వేరు, ఏది ఎక్కడ ఉండాలి అని. వాన నీళ్లు పొలంలోకి ఎటు నుంచి వస్తున్నాయి, బయటికి పోయేలోపు వాటిని ఎన్నిసార్లు ఆపగలం, ఎండాకాలం వడగాలి ఏ వైపు నుంచి కొడుతుంది, మనిషి రోజుకు పదిసార్లు వెళ్లే చోటు ఏది, నెలకోసారి వెళ్లేది ఏది. కరివేపాకు, పుదీనా వంటింటి గుమ్మం పక్కన, కంది చేను కొంచెం దూరం, చింత, వేప ఇంకా దూరం. అంట్లు తోమిన నీళ్లు అరటి పాదులోకి. కోళ్లగూడు తోటకు ఆనుకుని ఉంటే పురుగులు ఏరడం, ఎరువు వేయడం కోళ్లే చూసుకుంటాయి, నువ్వు గుడ్లు తెచ్చుకుంటే చాలు. ఇదంతా మా అమ్మమ్మ చేసిందే కదా అనిపిస్తుంది, నిజమే, ఆ మాట దగ్గరికి మళ్లీ వస్తాను.

1909లో ఫ్రాంక్లిన్ హైరమ్ కింగ్ అనే అమెరికన్ మట్టి శాస్త్రవేత్త చైనా, కొరియా, జపాన్ తిరిగి వచ్చాడు. తన దేశంలో కొన్ని తరాల్లోనే పొలాలు సారం కోల్పోతుంటే, అక్కడ వేల ఏళ్లుగా అదే మడి, అదే పంట ఎలా సాగుతోందని ఆయనకు ఆశ్చర్యం. కాలవల పూడిక, మనిషి మలం, పంట వ్యర్థం, ఏదీ పారేయకుండా తిరిగి మట్టికే చేర్చడం చూశాడు. 1911లో ఆయన పోయాక అచ్చయిన పుస్తకం పేరులోనే ‘శాశ్వత వ్యవసాయం’ అన్న మాట ఉంది. 1929లో ఇంకో అమెరికన్ రసెల్ స్మిత్ అదే మాటను కొండవాలు చెట్ల పంటలకు వాడాడు. 1950ల్లో ఆస్ట్రేలియాలో యోమన్స్ అనే ఆయన వాలును బట్టి దుక్కి ఎలా దున్నాలో, చెరువు ఎక్కడ తవ్వాలో లెక్క కట్టి చూపించాడు. మాట ఒకరిది, లెక్క ఒకరిది, ఇంకా ఎవరూ కలపలేదు.

కలిపింది బిల్ మాలిసన్. 1928లో ఆస్ట్రేలియాకు దక్షిణాన ఉన్న టాస్మేనియా దీవిలో స్టాన్లీ అనే చిన్న రేవు ఊళ్లో పుట్టాడు. 15 ఏళ్లకే బడి మానేసి ఇంటి బేకరీ చూసుకున్నాడు, సొరచేపలు పట్టాడు, అడవిలో ఉచ్చులు పెట్టాడు, తర్వాత ప్రభుత్వ వన్యప్రాణి సర్వేలో పనిచేశాడు, చివరికి యూనివర్సిటీలో పాఠాలు చెప్పాడు. అడవిలో గంటలు గంటలు కూర్చుని చూసిన మనిషి, ఎవరూ నీళ్లు పెట్టని, ఎవరూ దున్నని అడవి అంతలా ఎలా కాస్తోంది, మనం నాటుకునేది అలా ఎందుకు ఉండకూడదు అన్నది ఆయన ప్రశ్న. 1974లో టాస్మేనియా రాజధాని హోబార్ట్‌లో డేవిడ్ హోమ్‌గ్రెన్ అనే విద్యార్థి కలిశాడు. మాలిసన్‌కు 46, ఈ కుర్రాడికి ఇరవై కూడా లేవు.

ఆ రోజులు గుర్తు చేసుకుంటే ఈ ఆలోచన ఎందుకు అప్పుడే పుట్టిందో తెలుస్తుంది. 1972లో కరెంటు కోసం పెడ్డర్ అనే సరస్సును ఆనకట్ట కట్టి ముంచేశారు, టాస్మేనియా రెండు ముక్కలై కొట్లాడుకుంది. 1973లో పెట్రోలు సంక్షోభం వచ్చింది, డీజిల్‌తోనే నడిచే సేద్యం ఎంతకాలం అన్న భయం మొదలైంది. ఇద్దరూ కలిసి తోట వేశారు, రాశారు, 1978లో పుస్తకం వచ్చింది. పర్మనెంట్, అగ్రికల్చర్, ఈ రెండు మాటలు కలిపి కుట్టిందే పర్మాకల్చర్, తర్వాత అగ్రికల్చర్‌ను కల్చర్‌గా సాగదీశారు. భూమిని చూసుకో, మనుషుల్ని చూసుకో, మిగిలింది పంచు, ఇవీ మూడు నీతులు. మూడోది మనవాళ్ల బ్రోచర్లలో కనబడదు, గమనించండి.

హోమ్‌గ్రెన్ తన తోటలోకి వెళ్లిపోయాడు. మాలిసన్ ఊరుకునే రకం కాదు, నోరు పెద్దది, తిరుగుడు ఎక్కువ. 72 గంటల కోర్సు ఒకటి తయారు చేసి దేశదేశాలు తిరిగాడు, నేర్చుకున్నవాళ్లు ఇంకొకరికి నేర్పేలా వదిలేశాడు. 1980ల రెండో సగంలో మన దేశానికీ వచ్చాడు. ఇక్కడ అది కాలు మోపిన చోటు అప్పటి మెదక్ జిల్లా, జహీరాబాద్ పక్కన పస్తాపూర్.

ఎందుకు అక్కడ? డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ 1983 నుంచి ఆ ఊళ్లలో పనిచేస్తోంది. దూరదర్శన్‌లో పనిచేసిన పి.వి. సతీష్ లాంటివాళ్లు మొదలుపెట్టింది, సంఘాల్లో ఎక్కువమంది దళిత ఆడవాళ్లు. వాళ్ల చేతిలో ఉన్నది సర్కారు అసైన్ చేసిన భూమి, అంటే ఎవరికీ అక్కర్లేని రాళ్లచెలక. బోరు లేదు, బ్యాంకు అప్పు పుట్టదు. మట్టి కొట్టుకుపోకుండా ఆపడమే అక్కడ మొదటి పంట.

దానికి వాడే పరికరం చూస్తే నవ్వొస్తుంది, అంత చిన్నది. రెండు కర్రలు పైన కలిపి కట్టి కాళ్లు ఎడంగా పెట్టాలి, నడుమ అడ్డ కర్ర, పై ముడి నుంచి దారానికి ఒక రాయి, మేస్త్రీ తూకం గుండులాగే. దారం అడ్డకర్ర సరిగ్గా మధ్యలో ఆగితే రెండు కాళ్ల కింద నేల ఒకే ఎత్తులో ఉన్నట్టు. ఒక కాలు నిలిపి రెండోది తిప్పుకుంటూ, ఆగిన చోటల్లా సున్నం చుక్క పెడుతూ పోతే వాలుకు అడ్డంగా ఒక వంకర గీత వస్తుంది. ఆ గీత వెంట కందకం తవ్వి, మట్టి కింది వైపు కట్టగా పోస్తారు. నీళ్లు పరిగెత్తవు, నిలబడి ఇంకుతాయి. కట్ట మీద సీతాఫలం, కానుగ, పశుగ్రాసం. చదువు రాని మనిషి కూడా ఒక పూటలో నేర్చుకోగలదు.

అయితే పస్తాపూర్‌లో ఇది ఆస్ట్రేలియా సరుకుగా మిగల్లేదు. అక్కడ జొన్న, కంది, పెసర, కొర్ర, పుంటికూర ఒకే చేనులో కలిపి వేయడం ముందే ఉంది. చలికాలంలో నల్లరేగడిలో నీళ్లు పెట్టకుండా పండే శనగ, కుసుమ, అవిసెల్ని వాళ్లు ‘సత్యం పంటలు’ అంటారు. మంచు పడితే చాలు, సత్యం మీద పండుతాయని. నల్లరేగడి అడుగున పట్టి ఉంచిన తేమే కారణమని శాస్త్రం చెప్తుంది, నాకు మాత్రం వాళ్లు పెట్టిన పేరే ఇష్టం. 1990ల్లో ఈ సంఘాలు ఇంకో పని చేశాయి. బీడు పడిన చేలను దున్నడానికి, ఎరువు తోలడానికి అప్పు ఇచ్చి, ఆ అప్పును డబ్బుగా కాక జొన్నలుగా తిరిగి తీసుకుని, ఊళ్లోనే నిలవ చేసి, వానాకాలం కరువు నెలల్లో పేద ఇళ్లకు తక్కువ ధరకు ఇచ్చాయి. మిగిలింది పంచడమంటే ఇదే, ఎవరూ దాన్ని పర్మాకల్చర్ అని పిలవకపోయినా.

ఆ తొలి రోజుల్లో అక్కడ నేర్చుకున్న కొప్పుల నరసన్న, పద్మ కలిసి 1999లో పర్మాకల్చర్ నేర్పే అరణ్య సంస్థ పెట్టారు. 2017 చివర్లో ప్రపంచ పర్మాకల్చర్ సమావేశాలు హైదరాబాద్‌లో మొదలై జహీరాబాద్ దగ్గర బిడకన్నె ఊళ్లో ముగిశాయి.

ఇప్పుడు అమ్మమ్మ సంగతి. మనకన్నీ ముందే తెలుసు, తెల్లవాళ్లు పేరు పెట్టి అమ్ముకుంటున్నారనే మాట సగం నిజం. మాలిసన్ కూడా ఆదివాసుల దగ్గర, రైతుల దగ్గర నేర్చుకున్నానని దాచలేదు, కానీ సర్టిఫికెట్ మాత్రం కోర్సు చేసినవాళ్లకే వస్తుంది. రెండో సగం ఏంటంటే, అమ్మమ్మకు తెలిసింది మనకు తెలియదు. అమ్మమ్మ ఊరి చెరువులు మాత్రం ఏమయ్యాయి? పైచెరువు అలుగు పారితే కింది చెరువుకు నీళ్లు చేరే గొలుసుకట్టును మనమే ప్లాట్లు చేసి తెంపేశాం.

పర్మాకల్చర్‌తో నాకున్న పేచీ వేరు. ఎకరానికి ఎంత దిగుబడి అంటే గట్టి లెక్కలు తక్కువ, నమ్మకం ఎక్కువ. చెట్టు చేతికి రావడానికి ఏళ్లు పడుతుంది, అంతవరకు తిండి ఎక్కడ నుంచి? పైగా నోటిమాట మీద ఏడాది కౌలుకు చేసే రైతు వచ్చే ఏడు అదే చేను దొరుకుతుందో లేదో తెలియకుండా మామిడి మొక్క ఎందుకు నాటతాడు? శాశ్వతం అనే మాటకు ముందు పట్టా కావాలి. పస్తాపూర్ ఆడవాళ్ల చేతిలో రాళ్లచెలకైనా వాళ్లదే.

సరే, బావమరిది పోరు పడలేక ఆదివారం ఇద్దరం వెంచర్ చూడ్డానికి వెళ్లాం. మంచి వాన. నేల పడమటి నుంచి రోడ్డు వైపుకు వాలు, లోపలి రోడ్లేమో వాలు వెంటే స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా కిందికి దిగాయి, ఎర్రనీళ్లు ఆ రోడ్లనే వాగు చేసుకుని కొత్తగా నాటిన మామిడి మొక్కల పక్క నుంచి దూకుతూ హైవే కల్వర్టులోకి పోతున్నాయి. ఒక్క కట్ట లేదు. ‘ఈ నీళ్లు లోపలే ఆపొచ్చు కదమ్మా’ అన్నాను, ప్లాట్లు చూపిస్తున్న సేల్స్ అమ్మాయితో. ఆ అమ్మాయి పాపం గొడుగు నా మీదికి పట్టి, ‘టెన్షన్ వద్దు సార్, వచ్చే నెలలో డ్రైనేజీ పైపులు వేసేస్తున్నాం, చుక్క నీరు నిలవదు’ అంది.