కొత్త మదర్‌బోర్డుకు పాత ఎస్‌ఎంపీఎస్: అపోహలు – వాస్తవాలు

చెన్నై రిచీ స్ట్రీట్‌లో కంప్యూటర్ల మరమ్మతు చేసే నా దగ్గరికి కొత్త బోర్డు, ప్రాసెసర్ కొనుక్కుని వచ్చేవారిలో చాలామంది పాత ఎస్‌ఎంపీఎస్‌ను (గోడ కరెంటును 12, 5, 3.3 వోల్టులుగా మార్చి కంప్యూటర్‌కు అందించే పెట్టెను) బల్ల మీద పెట్టి, "ఇది 450 వాట్లది, సరిపోతుంది కదండీ?" అని అడుగుతారు. ఆ ఒక్క అంకెను చూసి నేను అవునని గాని కాదని గాని చెప్పలేను.

అపోహ: వాట్లు ఎక్కువగా ఉంటే ఇక చూడవలసింది ఏమీ లేదు.

వాస్తవం: నేటి కంప్యూటర్లలో ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు రెండూ దాదాపు పూర్తిగా 12 వోల్టుల లైను మీదే ఆధారపడతాయి కనుక, 3.3, 5 వోల్టుల లైన్లలో ఎన్ని ఆంపియర్లు చూపినా వాటికి అక్కరకు రావు. మొన్న సూళ్లూరుపేట నుంచి లోకల్ రైలులో వచ్చిన ఒక కుర్రవాడు తెచ్చిన ఎస్‌ఎంపీఎస్ మీద 450 అని బొద్దుగా అచ్చయి ఉంది. కింద చిన్న అక్షరాల పట్టికలో 12 వోల్టుల గడిలో మాత్రం 18 ఆంపియర్లే ఉన్నాయి. గుణిస్తే 216 వాట్లు. అతను కొన్న ఐ5-12400 ప్రాసెసర్ పెట్టె మీద 65 వాట్లు అని ఉన్నా, టర్బోలో, అంటే వేగం పెంచుకుని పనిచేసేటప్పుడు, అది 117 వాట్ల దాకా తీసుకుంటుంది. ఆర్‌టీఎక్స్ 3060 గ్రాఫిక్స్ కార్డుకు మరో 170. ఆ రెండే 287 అయ్యాయి, డిస్కులూ ఫ్యాన్లూ ఇంకా లెక్కలోకి రాలేదు. పట్టికలో 12 వోల్టులకు రెండు గడులు ఉంటే వాటిని కూడి సంబరపడకూడదు. రెండింటికీ కలిపి ఇచ్చిన గరిష్ఠ వాట్లే అసలు లెక్క.

అపోహ: ప్లగ్గు దూరితే సరిపోయినట్టే.

వాస్తవం: ప్రాసెసర్‌కు ఇచ్చే 8 పిన్నుల ప్లగ్గూ, గ్రాఫిక్స్ కార్డుకు ఇచ్చే 8 పిన్నుల ప్లగ్గూ చూడటానికి అక్కాచెల్లెళ్లలా ఉంటాయి గాని, ఒకదానిలో 12 వోల్టులు ఉండే వరుసలో రెండోదానిలో గ్రౌండ్ (కరెంటు తిరిగి వెళ్లే సున్నా వోల్టుల తీగ) ఉంటుంది. తప్పుగా దూరకుండా పిన్నుల ఆకారాలు వేరుగా చేసినా, బలవంతంగా నొక్కేవారిని ఆ ఏర్పాటు ఆపలేదు. ప్రాసెసర్ ప్లగ్గు నాలుగు, నాలుగుగా విడిపోతుంది. కార్డుది ఆరు, రెండుగా విడిపోతుంది. ఈ గుర్తు చాలు. బోర్డు మీద 8 పిన్నుల సాకెట్ ఉండి, పాతదానిలో 4 పిన్నుల ప్లగ్గే ఉంటే, తక్కువ వాట్ల ప్రాసెసర్లతో చాలా బోర్డులు ఆన్ అవుతాయి; అయినా 12 వోల్టుల కరెంటు మొత్తం రెండు తీగల మీదే పడుతుంది కాబట్టి నేను అలా బిగించి ఇవ్వను.

అపోహ: విడదీసే కేబుళ్లు ఏ ఎస్‌ఎంపీఎస్‌వైనా ఒకటే.

వాస్తవం: బోర్డు, కార్డు, డిస్కుల వైపు కొసకే ప్రమాణం ఉంది. ఎస్‌ఎంపీఎస్ వైపు కొసలో ఏ పిన్ను ఎక్కడ ఉండాలన్నది తయారీదారు ఇష్టం. కొన్నేళ్ల క్రితం అటకమీది సంచిలోంచి తీసిన సాటా కేబుల్‌ను (డిస్కుకు కరెంటు ఇచ్చేదాన్ని) వేరే ఎస్‌ఎంపీఎస్‌కు తగిలించి, ఒక హార్డ్ డిస్కును నా చేతులతోనే కాల్చుకున్నాను. 5 వోల్టులు వెళ్లవలసిన చోటికి 12 వెళ్లింది.

అపోహ: 80 ప్లస్ ముద్ర ఉంటే నాణ్యమైనదే. వాస్తవం: గోడ నుంచి తీసుకున్న విద్యుత్తులో ఎంత వృథా కాకుండా బయటికి వస్తుందో మాత్రమే ఆ ముద్ర చెబుతుంది.

అపోహ: బోర్డుకు వెళ్లే పెద్ద ప్లగ్గులోని ఆకుపచ్చ తీగను నల్ల తీగతో కలిపినప్పుడు ఫ్యాన్ తిరిగితే ఎస్‌ఎంపీఎస్ బాగున్నట్టే.

వాస్తవం: ఎస్‌ఎంపీఎస్ ఆన్ అవుతోందని మాత్రమే దాని అర్థం. లోడు పడినప్పుడు, అంటే కరెంటు ఎక్కువగా లాగినప్పుడు, వోల్టేజీ నిలుస్తుందా అన్నది చూడాలి. 12 వోల్టుల లైను 11.4కూ 12.6కూ మధ్య ఉండాలి. ఆ కుర్రవాడి ఎస్‌ఎంపీఎస్‌ను, పోయినా బాధ లేని నా పాత బోర్డుకూ కార్డుకూ తగిలించి, ఖాళీగా ఉన్న మోలెక్స్ ప్లగ్గులో (పాత డిస్కులకు ఇచ్చే నాలుగు పిన్నుల ప్లగ్గులో) పసుపు తీగకూ నల్ల తీగకూ మల్టీమీటర్ పెట్టాను. ఊరికే ఉన్నప్పుడు 12.1 చూపింది. గేమ్ తెరిచిన నిమిషానికి 11.2కు జారింది. అతని కొత్త బోర్డును అట్టపెట్టెలోంచి బయటికే తీయలేదు.