హెచ్ఐవీ పరీక్ష గది దాకా రాని విద్యార్థి

డిసెంబరు 1, ప్రపంచ ఎయిడ్స్ దినం వచ్చిందంటే తిరుపతి కాలేజీల్లో ఎర్ర రిబ్బన్లు, ర్యాలీ, ఫొటోలు. ఆ ర్యాలీలో నడిచే గే కుర్రాడికి తన సందేహం అడిగే చోటు మాత్రం క్యాంపస్‌లో ఉండదు. తానూ గే అయిన ఏ కౌన్సెలరో, నర్సో దొరికితే అదృష్టం. అలాంటివాళ్లు ఏళ్ల తరబడి గుట్టుగా ఉద్యోగం చేసుకురావడానికి పాత కారణాలున్నాయి.

దేశంలో తొలి హెచ్ఐవీ కేసులు 1986లో మద్రాసులో బయటపడ్డాయి. 1992లో జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ (నాకో) ఏర్పడింది. తర్వాత్తర్వాత పని రెండు దారులు పట్టింది. 'హై రిస్క్' వర్గాలకు స్వచ్ఛంద సంస్థల ద్వారా కండోములు, పరీక్షలు. విద్యార్థులకు రెడ్ రిబ్బన్ క్లబ్బులు, అంటే ఉపన్యాసాలు, రక్తదానం. హాస్టల్లో ఉండి ఎమ్మెస్సీ చదివే గే కుర్రాడు ఏ లెక్కలోకీ రాలేదు. అసలు చిక్కు ఇక్కడే మొదలైందని నా అభిప్రాయం.

చట్టం సంగతి సరేసరి. 2001లో లక్నోలో ఎయిడ్స్ నివారణ కార్యకర్తలనే, అప్పట్లో స్వలింగ సంబంధాలను నేరంగా చూసిన సెక్షన్ 377 కింద అరెస్టు చేశారు. 2009లో ఢిల్లీ హైకోర్టు ఊరటనిస్తే, 2013లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. చివరికి 2018 సెప్టెంబరు 6న పెద్దల మధ్య పరస్పర సమ్మతితో ఉండే స్వలింగ సంబంధం నేరం కాదంది. నాలుగు రోజులకే, సెప్టెంబరు 10న, హెచ్ఐవీ చట్టం అమల్లోకి వచ్చింది. ఒప్పుకోనిదే పరీక్ష చేయకూడదు, ఫలితం బయటపెట్టకూడదు, హెచ్ఐవీ ఉందని ఉద్యోగం తీసేయకూడదు. అయితే గే అన్న కారణంతో కాంట్రాక్టు రెన్యూ చేయకపోతే? దానికి అందులో జవాబు లేదు. కౌన్సెలర్లలో చాలామంది కాంట్రాక్టు మనుషులే మరి.

అయినా గే కౌన్సెలరో నర్సో గదిలో ఉంటే తేడా తెలుస్తుంది. "గర్ల్‌ఫ్రెండ్ ఉందా?" అని మొదలుపెడితే కుర్రాడు ఊఁ అనేసి లేచిపోతాడు. "అమ్మాయిలతోనా, అబ్బాయిలతోనా, ఇద్దరితోనా?" అని మామూలుగా అడిగితే నోరు విప్పుతాడు. ఇది మర్యాద కోసం అడిగే ప్రశ్న కాదు. గొంతులో, మలద్వారంలో ఉండే గనేరియా అనే సుఖవ్యాధి చాలాసార్లు ఏ లక్షణమూ చూపదు, మూత్ర పరీక్షలో దొరకదు. అడగకపోతే రిపోర్టు నార్మల్, జబ్బు అలాగే.

హెచ్ఐవీ పరీక్ష, కౌన్సెలింగ్ ప్రభుత్వ కేంద్రాల్లో (ఐసీటీసీల్లో) ఉచితమే. యూనివర్సిటీ నుంచి రుయా ఆసుపత్రి ఎంతో దూరం కాదు. కానీ ఎస్వీ మెడికల్ కాలేజీ విద్యార్థులకు అక్కడే డ్యూటీలు. క్యూలో నిలబడితే ఎదురుగా వచ్చేది క్లాస్‌మేటే కావచ్చు. ఆ టెన్షన్‌తోనే చిత్తూరుకో వేలూరుకో బస్సెక్కేవాళ్లు ఉంటారు, అసలు వెళ్లనివాళ్లూ ఉంటారు.