పాత జాగ్వార్, రాని ఇంజిన్

గుంటూరు నుంచి ఒంగోలు వైపు వెళ్తుంటే అద్దంకి దగ్గర, కొరిశపాడు ప్రాంతంలో జాతీయ రహదారి కాసేపు రన్‌వే అయిపోతుంది. 4.1 కిలోమీటర్ల పొడవు, 33 మీటర్ల వెడల్పు, పూర్తిగా కాంక్రీటు. అత్యవసరమైతే యుద్ధ విమానాలు దిగడానికి కట్టింది. 2024 మార్చి 18న అక్కడ దిగి, మళ్లీ ఎగిరిన వాటిలో ఏఎన్-32 రవాణా విమానం ఒకటి. ఈ రకం మన వైమానిక దళంలో చేరింది 1984లో.

నలభై ఏళ్లు అనగానే భయపడక్కర్లేదు. అమెరికా బి-52 బాంబర్లలో ఆఖరిది తయారైంది 1962లో. వాటికి ఇప్పుడు కొత్త ఇంజిన్లు బిగించి 2050ల దాకా నడపాలని చూస్తున్నారు. విమానం వయసు లెక్కలో ఏళ్ల కంటే ఎగిరిన గంటలు, టేకాఫ్‌లు, ల్యాండింగ్‌లు, ఒక్కో మలుపులో రెక్క మోసిన భారం ఎక్కువ లెక్కలోకి వస్తాయి.

ఎందుకంటే లోహం అలసిపోతుంది. గాల్లోకి లేచిన ప్రతిసారీ రెక్క పైకి వంగుతుంది, నేల మీదికి రాగానే కిందికి వాలుతుంది. ఇలా వేల సార్లు జరిగాక, రివెట్ రంధ్రం అంచున కంటికి కనిపించని పగులు మొదలవుతుంది. ఉక్కుకు ఒక వెసులుబాటు ఉంది: ఒత్తిడి ఒక హద్దు దాటకపోతే దాదాపు ఎన్నిసార్లయినా తట్టుకుంటుంది. విమానాలకు వాడే అల్యూమినియం మిశ్రమాలకు అలాంటి హద్దు లేదు. ఒత్తిడి చిన్నదే అయినా, సార్లు పెరిగేకొద్దీ పగులు వస్తుంది. 2007 నవంబరులో అమెరికాలోని మిస్సోరీలో శిక్షణలో ఉన్న ఒక ఎఫ్-15 యుద్ధ విమానం గాల్లోనే రెండు ముక్కలైంది. పైలట్ ప్రాణాలతో బయటపడ్డాడు. కాక్‌పిట్ పక్కన పొడవునా ఉండే ఒక లోహపు దూలం ఉండాల్సిన మందం కంటే పలుచగా తయారైంది, అక్కడే పగులు పెరిగింది. అదే ఏడాది అమెరికా ఏ-10 విమానాలకు ఏకంగా కొత్త రెక్కలే చేయించడానికి ఒప్పందం కుదుర్చుకుంది. అంటే అలసిన భాగాన్ని మార్చే దారి ఉంది. దానికి డబ్బు కావాలి, అదీ సమయానికి కావాలి.

ఈ సమయం సంగతి మన జాగ్వార్ల కథలో బాగా తెలుస్తుంది. బ్రిటన్, ఫ్రాన్స్ కలిసి తయారుచేసిన ఈ దాడి విమానం 1979లో మనకు వచ్చింది. ఫ్రాన్స్ 2005లో, బ్రిటన్ 2007లో దాన్ని పక్కన పెట్టేశాయి. ఇప్పుడు యుద్ధ సేవలో నడుపుతున్నది మనమే. దాని అడూర్ ఇంజిన్లకు మొదటి నుంచీ శక్తి చాలదన్న పేరుంది, పైగా మన వాతావరణం వేడి. రెంటచింతల ఎండ ఎరిగినవాళ్లు ఈ లెక్క వినాలి. 15 డిగ్రీల దగ్గర ఉండే గాలితో పోలిస్తే 45 డిగ్రీల గాలి సాంద్రత 9 శాతానికి పైగా తక్కువ. ఇంజిన్‌లోకి వెళ్లే గాలి తగ్గుతుంది, తోపు, అంటే విమానాన్ని ముందుకు నెట్టే బలం, తగ్గుతుంది. రెక్కకు దొరికే ఆధారమూ తగ్గుతుంది. కాబట్టి ఎండాకాలంలో పైలట్ ఇంధనమో ఆయుధాలో తగ్గించుకోవాలి, లేదంటే ఎక్కువ రన్‌వే వాడుకోవాలి.

దీనికి మందు తెలుసు. తక్కువ బరువుతో ఎక్కువ తోపునిచ్చే కొత్త ఇంజిన్ పెట్టాలన్న ఆలోచన ఏళ్ల తరబడి నలిగింది, బేరాలు సాగాయి. చివరికి ఖర్చు మరీ ఎక్కువని 2019లో ఆ ప్రయత్నం వదిలేశారు. ఈలోగా కొన్ని జాగ్వార్లకు కొత్త రాడార్, కొత్త కంప్యూటర్లు మాత్రం వచ్చాయి. ఇంజిన్ పాతదే.

వదిలేయడం ఆ రోజున తప్పని నేను అనను. తప్పంతా అంతకుముందు గడిచిపోయిన ఏళ్లలో ఉంది. పాతికేళ్లు ఎగరబోయే విమానానికి పెట్టిన ఇంజిన్ ఖర్చు పాతికేళ్ల మీద పరుచుకుంటుంది. అదే నిర్ణయం పదేళ్లు ఆలస్యమైతే ధర పెరుగుతుంది, వాడుకునే కాలం పదిహేనేళ్లకు కుంచించుకుపోతుంది. అప్పుడు ‘ఇంత పాతదానికి ఇంత ఖర్చా?’ అన్న ప్రశ్న న్యాయంగానే వినిపిస్తుంది. వాయిదా వేసినవాళ్ల వాదనను వాయిదానే నిజం చేస్తుంది.

ఖర్చు ఎందుకంత అన్నదీ చెప్పాలి. విజయవాడ ఆటోనగర్‌లో పాత లారీకి వేరే ఇంజిన్ ఎక్కించడం చేయి తిరిగిన మేస్త్రీకి పెద్ద పని కాదు. విమానంలో ఇంజిన్ బరువు కాస్త మారినా గురుత్వ కేంద్రం జరుగుతుంది. గాలి పీల్చే మార్గం, ఇంధన గొట్టాలు, ఉష్ణోగ్రతలు అన్నీ మళ్లీ లెక్కగట్టాలి, నెలల తరబడి ఎగిరించి పరీక్షించాలి. ఈ పరీక్షల ఖర్చు 10 విమానాలకైనా, 100 విమానాలకైనా కాస్త అటూఇటుగా ఒకటే. విమానాల సంఖ్య తగ్గేకొద్దీ ఒక్కో విమానం వాటా పెరిగిపోతుంది.

ఏఎన్-32లకు సుమారు 40 కోట్ల డాలర్ల ఒప్పందం 2009లోనే కుదిరింది. 40 విమానాలు ఉక్రెయిన్‌లో, మిగతావి కాన్పూర్‌లో ఆధునికం చేయాలి. 2014లో ఉక్రెయిన్ సంక్షోభం ముదిరాక విడిభాగాలు ఆలస్యమై కాన్పూర్ పని నత్తనడక పట్టింది. 2019 జూన్ 3న జోర్హాట్ నుంచి మెచుకా వెళ్తూ అరుణాచల్ కొండల్లో కూలిన ఏఎన్-32, ఇంకా ఆధునికీకరణ జరగనిది. అందులోని 13 మందీ చనిపోయారు. శకలాలు కనిపించడానికే ఎనిమిది రోజులు పట్టింది. కొత్త పరికరాలుంటే ప్రమాదం తప్పేదని ఎవరూ ప్రమాణం చేయలేరు. కానీ ఆధునికం చేసిన విమానాల్లో నేల దగ్గరవుతుంటే హెచ్చరించే వ్యవస్థ, కూలిన చోటును తెలిపే కొత్త బీకన్లు ఉన్నాయి. వరుసలో వెనక ఉన్నవాటికి అవి అందలేదు. ఇది నాకు మింగుడుపడని సంగతి.

ఇప్పుడు సుఖోయ్-30ఎంకేఐ యుద్ధ విమానాల వంతు. 2002 నుంచి దళంలో ఉన్నాయి, 2023 నవంబరులో వాటి ఆధునికీకరణకు ప్రాథమిక ఆమోదం వచ్చింది. మన యుద్ధ విమానాల్లో సంఖ్యాపరంగా అతిపెద్ద దళం ఇదే కాబట్టి పరీక్షల ఖర్చు ఎక్కువ విమానాల మీద పంచుకునే వీలుంది, వాడుకోవడానికి ఏళ్లూ మిగిలి ఉన్నాయి. కొత్త విమానాల కొనుగోలుతో పోటీ పడి ప్రతి బడ్జెట్లో వెనక్కి జరగకుండా, దీనికి కావలసిన డబ్బును ఏటేటా ఇంతని ముందే విడిగా కేటాయించాలి.