కుళ్లిన వంకాయ కింద దొరికిన వైరస్

మట్టిలో బ్యాక్టీరియా ఉంటుందని చిన్నప్పుడే చదువుకుంటాం. ఆ బ్యాక్టీరియాకీ వైరస్‌లు సోకుతాయన్న సంగతి మాత్రం చాలామందికి తెలియదు. వీటిని బ్యాక్టీరియోఫేజ్‌లు, క్లుప్తంగా ఫేజ్‌లు అంటారు. మన కణాల జోలికి రావు. 1915లో ఫ్రెడరిక్ ట్వార్ట్, 1917లో ఫెలిక్స్ డెరెల్ ఎవరికి వారుగా వీటి జాడ పట్టారు.

పట్టుకోవడం డిగ్రీ మొదటి ఏడాది పిల్లలకు కూడా చేతనవుతుంది. మట్టిని ద్రావణంలో కలిపి, 0.22 మైక్రాన్ల ఫిల్టర్‌తో వడకడితే బ్యాక్టీరియా పైనే ఆగిపోతుంది, ఫేజ్‌లు కిందికి దిగుతాయి. ఆ నీటిని మైకోబ్యాక్టీరియం స్మెగ్మాటిస్‌తో కలుపుతారు. ఇది క్షయ క్రిమికి దగ్గరి బంధువే అయినా సాధారణంగా జబ్బు చేయదు, కాబట్టి పిల్లల చేతికిచ్చినా టెన్షన్ లేదు. మిశ్రమాన్ని పలచటి అగార్‌లో (జెల్లీలాంటి పదార్థం) వేసి ప్లేటు మీద పోసి ఒకటి రెండు రోజులు వెచ్చగా ఉంచితే, బ్యాక్టీరియా మీగడలా పరుచుకుంటుంది. అందులో అక్కడక్కడా గుండ్రటి ఖాళీలు కనిపిస్తాయి. ఒక్క వైరస్ ఒక కణంలో దూరి, పిల్లల్ని పెట్టి, కణాన్ని పగలగొట్టి, పక్క కణాల మీద పడుతూ పోయిన చోటు అది. వైరస్ కంటికి కనపడదు, అది చేసిన విధ్వంసం కనపడుతుంది.

అమెరికాలో హోవర్డ్ హ్యూస్ మెడికల్ ఇన్‌స్టిట్యూట్, పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయానికి చెందిన శాస్త్రవేత్త గ్రాహం హాట్‌ఫుల్‌తో కలిసి 2008లో దీన్ని 'సీ-ఫేజెస్' అనే కోర్సుగా మార్చింది. జవాబు ముందే తెలిసిన ప్రాక్టికల్స్ కంటే ఇది వెయ్యి రెట్లు నయం: దొరికిన ఫేజ్‌కి పేరు పెట్టే హక్కు దొరకబుచ్చుకున్నవాళ్లదే.

2010లో దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో ఓ విద్యార్థినికి కుళ్లుతున్న వంకాయ అడుగున ఒక ఫేజ్ దొరికింది. 'మడ్డీ' అని పేరు పెట్టింది. దాని నమూనా ఏళ్ల తరబడి హాట్‌ఫుల్ ల్యాబ్ ఫ్రీజర్‌లో ఉండిపోయింది. లండన్‌లో ఊపిరితిత్తుల మార్పిడి జరిగిన ఓ టీనేజ్ అమ్మాయికి 2018 నాటికి మైకోబ్యాక్టీరియం అబ్సెసస్ అనే బ్యాక్టీరియా ఒళ్లంతా పాకింది. యాంటీబయాటిక్స్ ఏవీ పనిచేయలేదు. హాట్‌ఫుల్ బృందం తమ ఫేజ్‌లను ఆమె నుంచి తీసిన క్రిమి మీద పరీక్షిస్తే గట్టిగా చంపింది మడ్డీ. మరో రెండు ఫేజ్‌లు బ్యాక్టీరియాను చంపకుండా అందులోనే కాపురం పెట్టే రకం. వాటిలో ఆ గుణానికి కారణమైన జన్యువును తీసేసి మడ్డీకి జతచేశారు. ఇన్‌ఫెక్షన్ పూర్తిగా పోలేదు కానీ శస్త్రచికిత్స గాయం మానింది, అమ్మాయి కోలుకుంది.

అయితే ఒకరి క్రిమిని చంపే ఫేజ్ ఇంకొకరి క్రిమిని కనీసం తాకకపోవచ్చు. 2022లో ఇలా చికిత్స పొందిన 20 మంది వివరాలు ప్రచురిస్తే, మేలు కనిపించింది 11 మందిలో. అబ్సెసస్‌లో ప్లేటు మీద నునుపైన గుంపులుగా (కాలనీలుగా) పెరిగే రకాలనైతే చంపగల ఫేజ్‌లు దొరకడమే కష్టంగా ఉంది.