15 శాతం తగవు: సముద్ర పరిశోధనా సంస్థల లెక్క ఎక్కడ ముడిపడింది

అమెరికాలో ఓవర్‌హెడ్ గొడవ, అంటే పరిశోధన గ్రాంట్లలో సంస్థ నిర్వహణకు ఎంత ఇవ్వాలన్న తగవు, చల్లారినట్టే చల్లారి మళ్లీ రాజుకుంటోంది. 2025 ఫిబ్రవరిలో వైద్య పరిశోధనకు డబ్బిచ్చే నేషనల్ ఇన్‌స్టిట్యూట్స్ ఆఫ్ హెల్త్ తన గ్రాంట్లలో పరోక్ష ఖర్చుల కింద 15 శాతానికి మించి ఇవ్వనని ప్రకటించింది. ఏప్రిల్‌లో ఇంధన శాఖ, మేలో నేషనల్ సైన్స్ ఫౌండేషన్ విశ్వవిద్యాలయాలకు అదే గీత గీశాయి. జూన్‌లో మసాచుసెట్స్‌లోని ఫెడరల్ కోర్టు సైన్స్ ఫౌండేషన్ ఆదేశాన్ని కొట్టేసింది. ఆగస్టులో వచ్చిన అధ్యక్షుడి ఉత్తర్వు అదే సంగతిని ఇంకో దారిలో తెచ్చింది. మిగతా అర్హతలు సమానంగా ఉంటే, ఓవర్‌హెడ్ తక్కువ అడిగే సంస్థకే గ్రాంట్ ఇవ్వాలన్నది అందులోని మాట.

వార్తలన్నీ వైద్య పరిశోధన చుట్టూనే తిరిగాయి. సముద్ర పరిశోధనా సంస్థల ఊసు పెద్దగా రాలేదు. కానీ ఇప్పుడు తగవు పడుతున్న ఈ లెక్క ఆసుపత్రుల్లో పుట్టలేదు. దీన్ని కాగితం మీద పెట్టింది అమెరికా నౌకాదళం. దాని మీద బతకడం ముందుగా నేర్చుకున్నవాళ్లలో సముద్ర శాస్త్రవేత్తలు ఉన్నారు. ఆ కథ తెలిస్తే ఈ 15 శాతం అన్న అంకె ఎవరికి ఎక్కడ తగులుతుందో తెలుస్తుంది.

ముందు లెక్క సంగతి. ఓ శాస్త్రవేత్త ప్రపోజల్ రాస్తే అందులో రెండు భాగాలుంటాయి. తన జీతం, విద్యార్థి స్టైపెండ్, రసాయనాలు, ప్రయాణాలు ప్రత్యక్ష ఖర్చు. భవనం, కరెంటు, గోదాము, భద్రత, పద్దులు రాసే ఆఫీసు పరోక్ష ఖర్చు. దీన్నే ఓవర్‌హెడ్ అంటారు. రేటు 50 శాతం అంటే గ్రాంట్‌లో సగం సంస్థ మింగేస్తోందని చాలామంది అనుకుంటారు. అది తప్పు. 100 డాలర్ల ప్రత్యక్ష ఖర్చు మీద 50 కలుపుతారు, మొత్తం 150 అవుతుంది. అంటే మొత్తంలో మూడో వంతు. అది కూడా ప్రతి డాలరు మీదా పడదు. పెద్ద పరికరాల కొనుగోలు, వేరే సంస్థకు ఇచ్చే ఉపకాంట్రాక్టులో ఎక్కువ భాగం ఆ లెక్కలోకి రావు.

ఇది కాగితం మీద ఎంత పొడిగా ఉన్నా, ఓడ మీద అలా ఉండదు. పరిశోధక నౌక డెక్ మీద ఓ ఇనుప చట్రం ఉంటుంది. దాని చుట్టూ 24 పొడవాటి నీటి సీసాలు, మధ్యలో ఉప్పదనం, ఉష్ణోగ్రత, లోతు కొలిచే సెన్సార్లు. వించ్ తీగ మీద దాన్ని కిలోమీటర్ల లోతుకు దించి, పైకి తెస్తూ ఒక్కో లోతులో ఒక్కో సీసా మూత పడేలా చేస్తారు. చట్రం డెక్ మీదకి చేరగానే నీళ్లు పట్టుకోవడానికి ఒక వరస ఉంటుంది. కరిగిన వాయువులు ముందు, ఉప్పు కొలత చివర. ఆక్సిజన్‌కి పట్టేటప్పుడు గొట్టంలో చిన్న బుడగ ఉన్నా గాలి కలిసి కొలత చెడుతుంది, అందుకే వేలితో తట్టి బుడగ పోగొట్టి మరీ పడతారు. అర్ధరాత్రి మూడింటికి, ఓడ ఊగుతుండగా, ఈ పని చేసే టెక్నీషియన్ పేరు పరిశోధన పత్రంలో చాలాసార్లు చివరి కృతజ్ఞతల్లో కూడా ఉండదు. ఓడ లేని నెలల్లో ఆ చట్రాన్ని విప్పి, కడిగి, దాచే షెడ్డు ఒకటి కావాలి. రేవు కావాలి. సీసాల్లోంచి వచ్చిన అంకెలను పదేళ్ల తర్వాత కూడా ఎవరో తెరిచి చూసేలా భద్రపరిచే సర్వర్ కావాలి. వీటిలో చాలా వాటిని ఏ ఒక్క ప్రపోజల్‌కీ అంటగట్టలేం.

అమెరికా సముద్ర పరిశోధనా సంస్థలు ఎలా మొదలయ్యాయో రెండు మాటల్లో చెప్పుకుందాం. పశ్చిమ తీరంలో స్క్రిప్స్ సంస్థ 1903లో ఓ పత్రికాధిపతి కుటుంబం డబ్బుతో మొదలై 1912లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో చేరింది. తూర్పు తీరంలో వుడ్స్‌హోల్ ఓషనోగ్రాఫిక్ సంస్థ 1930లో రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ ఇచ్చిన సుమారు 30 లక్షల డాలర్లతో పుట్టింది. ఒక ల్యాబ్ భవనం, అట్లాంటిస్ అనే 142 అడుగుల తెరచాప నౌక, వేసవిలో వచ్చి పనిచేసుకుపోయే పదీ పన్నెండు మంది శాస్త్రవేత్తలు. దాతల డబ్బుతో నడిచే వేసవి విడిది అనుకోవచ్చు.

మలుపు తిప్పింది సోనార్, అంటే నీళ్లలోకి శబ్దం పంపి ప్రతిధ్వనిని బట్టి జలాంతర్గాములను పట్టే పరికరం. 1930ల్లో నౌకాదళానికి ఓ వింత సమస్య ఎదురైంది. పొద్దున బాగా పనిచేసిన సోనార్ మధ్యాహ్నం అయ్యేసరికి దగ్గరలో ఉన్న జలాంతర్గామిని కూడా పట్టుకోలేకపోయేది. భోజనం చేసి ఆపరేటర్లు కునుకు తీస్తున్నారేమోనని కూడా అనుకున్నారు. అసలు కారణం ఎండ. పై పొర నీళ్లు వేడెక్కితే శబ్దం నేరుగా పోకుండా కిందికి వంగుతుంది. ఆ పొరను కొలవడానికి అథెల్‌స్టన్ స్పిల్‌హాస్ బాతీథర్మోగ్రాఫ్ అనే పరికరాన్ని వుడ్స్‌హోల్‌లో పనికొచ్చే రూపానికి తెచ్చాడు. అరచేతిలో పట్టే గాజు పలక మీద మసి పట్టించి, దాని మీద సన్నని ముల్లు గీసే గీతే రికార్డు. లోతు పెరిగేకొద్దీ వేడి ఎలా తగ్గిందో ఆ గీతే చెప్పేది. యుద్ధం వచ్చేసరికి యుద్ధనౌకలకీ జలాంతర్గాములకీ అది తప్పనిసరి సామగ్రి అయింది.

ఆ పలకతో పాటు కాంట్రాక్టు కూడా వచ్చింది. యుద్ధకాలంలో వన్నెవర్ బుష్ నడిపిన శాస్త్ర పరిశోధన కార్యాలయం విశ్వవిద్యాలయాలకు పని అప్పజెప్పేటప్పుడు ఒక పద్ధతి పెట్టింది. సంస్థకు లాభం ఉండకూడదు, నష్టమూ రాకూడదు. అందుకని జీతాల మీద 50 శాతం అదనంగా ఇచ్చింది. వేసవి విడిదిగా ఉన్న వుడ్స్‌హోల్ యుద్ధం ముగిసేసరికి వందల మందితో ఏడాది పొడవునా నడిచే సంస్థ అయింది. వీళ్లంతా కాంట్రాక్టు డబ్బు మీద ఉన్నవాళ్లు. యుద్ధం అయిపోయాక వీళ్లనేం చేయాలన్నది 1945లో నిజంగా తేలని ప్రశ్న.

జవాబు 1946 ఆగస్టులో వచ్చింది. ఆఫీస్ ఆఫ్ నేవల్ రీసెర్చ్ అనే విభాగాన్ని చట్టం చేసి పెట్టారు. సైన్స్ ఫౌండేషన్ పుట్టడానికి ఇంకా నాలుగేళ్లుంది. ఆ ఖాళీలో మౌలిక పరిశోధనకు డబ్బు పెట్టడానికి సిద్ధంగా ఉన్నది నౌకాదళమే. 1947లో ఆ ఆఫీసు విద్యాసంస్థల కాంట్రాక్టుల్లో ఏ ఖర్చు లెక్కలోకి వస్తుందో, ఏది రాదో చెప్పే నియమాలు అచ్చువేసింది. దాన్ని బ్లూ బుక్ అనేవారు. ఇప్పటి ఓవర్‌హెడ్ రేట్ల బేరసారాలకు మూలం ఆ చిన్న పుస్తకమే. వుడ్స్‌హోల్ రేటును ఇప్పటికీ ప్రభుత్వం తరఫున కూర్చుని ఖరారు చేసేది ఆ నేవల్ రీసెర్చ్ ఆఫీసే.

నా దృష్టిలో ఈ సంస్థల చరిత్రలో అన్నిటికన్నా పెద్ద సంఘటన ఇదే. 1977లో ఆల్విన్ జలాంతర వాహనంతో గాలాపగోస్ దగ్గర వేడినీటి ఊటలు కనుక్కోవడం ఫొటోల్లో కనబడుతుంది, బ్లూ బుక్ కనబడదు. కానీ అప్పుడు కుదిరిన ఒప్పందం వల్లే సంస్థ లోపలి రూపం మారిపోయింది. అంతకుముందు డైరెక్టర్ పని దాతలను ఒప్పించడం. ఆ తర్వాత ప్రతి శాస్త్రవేత్తా తన జీతాన్ని తానే తెచ్చుకోవాలి. దీన్నే సాఫ్ట్ మనీ అంటారు. ప్రపోజల్ నెగ్గితే జీతం, లేకపోతే వెతుకులాట. వుడ్స్‌హోల్‌లో పర్మనెంట్ హోదా వచ్చిన వాళ్లకూ జీతంలో ఎక్కువ భాగం గ్రాంట్ల నుంచే రావాలి. భౌతిక సముద్రశాస్త్రం, జీవశాస్త్రం, సముద్ర రసాయనశాస్త్రం, భూగర్భశాస్త్రం, ఇంజినీరింగ్ అని ఐదు విభాగాలున్నాయి గానీ, ఒక్కో శాస్త్రవేత్త ఒక చిన్న దుకాణం నడుపుతున్నట్టే. ఆ దుకాణాలన్నిటినీ కలిపి నిలబెట్టే చూరు ఓవర్‌హెడ్. చూరుకి డబ్బిచ్చేవాడు ప్రభుత్వం, చూరు కింద ఉన్నవాడు తాను తెచ్చుకున్న గ్రాంట్లతో నెగ్గుకొస్తాడు. ఇదీ 1947 బేరం.

1969లో ఆ బేరానికి ఒక కాలు విరిగింది. వియత్నాం యుద్ధం మీద వ్యతిరేకత పెరిగిన రోజుల్లో సెనేటర్ మైక్ మాన్స్‌ఫీల్డ్ తెచ్చిన సవరణ, సైనిక అవసరంతో నేరుగా సంబంధం లేని పరిశోధనకు రక్షణ శాఖ డబ్బు ఇవ్వకూడదంది. సముద్ర శాస్త్రంలో భారం మెల్లగా సైన్స్ ఫౌండేషన్ వైపు జరిగింది. 1971లో నౌకలను ఉమ్మడిగా షెడ్యూల్ చేయడానికి యూనోల్స్ అనే కూటమి వచ్చింది. ఇందులో ఓ తమాషా అమరిక ఉంది. పెద్ద నౌకల్లో చాలా వాటికి యజమాని నౌకాదళమో సైన్స్ ఫౌండేషనో అయితే, వాటిని నడిపేది సంస్థ. వుడ్స్‌హోల్ నడిపే ఇప్పటి అట్లాంటిస్, ఆల్విన్ రెండూ నౌకాదళం సొత్తే. నౌక రోజువారీ ఖర్చు పదుల వేల డాలర్లు. అది శాస్త్రవేత్త గ్రాంట్ బడ్జెట్‌లో రాదు, విడిగా వస్తుంది. ఆయన ప్రపోజల్‌తో పాటు నౌక కోసం ఒక దరఖాస్తు పెడతాడు, షెడ్యూల్‌లో చోటు దొరికితే వెళ్తాడు. డబ్బిచ్చే చెయ్యి మారింది గానీ, నౌకాదళం రాసిన లెక్క మాత్రం అలాగే ఉండిపోయింది.

ప్రభుత్వం వాదన కూడా చెప్పాలి. ప్రైవేటు ఫౌండేషన్లు చాలావరకు 10, 15 శాతం ఇచ్చి సరిపెడుతుంటే పన్ను కట్టేవాళ్లు ఎందుకు ఎక్కువ ఇవ్వాలన్నది వాళ్ల ప్రశ్న. దుర్వినియోగం జరగలేదని కూడా ఎవరూ అనలేరు. 1990-91లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం ఒక విహార నౌక తరుగుదలను పరోక్ష ఖర్చులో చూపించిందని బయటపడి దేశమంతా రచ్చ అయింది. ఆ దెబ్బతోనే పరిపాలన ఖర్చుల భాగానికి 26 శాతం దగ్గర కళ్లెం వేశారు. ఆ కళ్లెం ఇప్పటికీ ఉంది. 15 శాతం అన్న అంకె కూడా కొత్తది కాదు. వైద్య గ్రాంట్లకు 1958లో ఆ పరిమితే పెట్టారు, 1963లో 20కి పెంచారు, చాలదని 1966లో ఎత్తేశారు.

సంస్థల జవాబు ఇంకాస్త వివరంగా వినదగ్గది. ప్రైవేటు ఫౌండేషన్ తక్కువ రేటు ఇచ్చినా, ప్రభుత్వం పరోక్షంలో పెట్టే కొన్ని ఖర్చులను ప్రత్యక్షంగానే ఒప్పుకుంటుంది, కాబట్టి రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి పోల్చడం కుదరదు. రెండోది, పరిశోధన మొత్తం ఫౌండేషన్ల మీద నడవడం లేదు. చూరు ప్రభుత్వం వేసింది కాబట్టే ఫౌండేషన్ ఒక చిన్న గది అద్దెకు తీసుకోగలుగుతోంది. మూడోది సముద్ర సంస్థలకే ప్రత్యేకం. పెద్ద విశ్వవిద్యాలయానికి ఫీజులున్నాయి, ఆసుపత్రులున్నాయి, రాష్ట్రం ఇచ్చే డబ్బుంది. ఒక చోట లోటు పడితే ఇంకోచోటి నుంచి సర్దుకోవచ్చు. వుడ్స్‌హోల్ లాంటి స్వతంత్ర సంస్థకు అండర్‌గ్రాడ్యుయేట్ ఫీజులు లేవు, ఆసుపత్రి లేదు. మూలధనం కొంత ఉంది గానీ అందులో చాలా భాగం దాతలు ఫలానా పనికని కట్టేసి ఇచ్చేది. 2025 మేలో సైన్స్ ఫౌండేషన్ గీసి, కోర్టు కొట్టేసిన గీత విశ్వవిద్యాలయాల వరకే. విశ్వవిద్యాలయంలో భాగమైన స్క్రిప్స్ ఆ గీత కిందికి నేరుగా వచ్చేది. రేపు అదే గీత తమ దాకా జరిగితే సర్దుకోవడానికి రెండో జేబు లేదన్నది స్వతంత్ర సంస్థల టెన్షన్. విద్యాసంస్థల సంఘాలు కలిసి 2025లో ఒక ప్రత్యామ్నాయ లెక్క తయారు చేశాయి. అందులో పరోక్షం అనే ముద్దను విడదీసి, ఏ ప్రాజెక్టుకి ఏ సౌకర్యం ఎంత వాడారో చూపిస్తామంటున్నారు. ఓడరేవుని, షెడ్డుని ప్రాజెక్టుల వారీగా ఎలా పంచుతారన్నది ఆ పద్ధతికి గట్టి పరీక్ష.

వేరే దార్లు లేకపోలేదు. జర్మనీలో ధ్రువ, సముద్ర పరిశోధన కోసం 1980లో పెట్టిన ఆల్‌ఫ్రెడ్ వెగెనర్ సంస్థ మూల బడ్జెట్‌లో 90 శాతం కేంద్రం, మిగతాది రాష్ట్రాలు భరిస్తాయి. అక్కడ ఆ సంస్థ పరిశోధక నౌక పోలార్‌స్టెర్న్ లంగరు వేసే చోటు కోసం ఎవరూ ప్రపోజల్ రాయరు. అంతకన్నా పాత నమూనా 1870ల్లో జర్మన్ జంతుశాస్త్రవేత్త ఆంటన్ డోర్న్ ఇటలీలోని నేపుల్స్‌లో పెట్టిన జంతుశాస్త్ర కేంద్రం. విశ్వవిద్యాలయాలు, ప్రభుత్వాలు ఏడాదికి ఇంత అని కట్టి అక్కడ ఒక టేబుల్ అద్దెకు తీసుకునేవి. ఆ అద్దెలోనే బల్ల, లైబ్రరీ, రసాయనాలు, పొద్దున్నే సముద్రం నుంచి పట్టి తెచ్చే జీవులు అన్నీ కలిసి ఉండేవి. ప్రత్యక్షం, పరోక్షం అని ఎవరూ విడదీయలేదు. కింది అంతస్తు అక్వేరియంకి వచ్చే సందర్శకుల టికెట్ డబ్బు కొంత ఆదుకునేది.

చివరగా ఒక్క పాత ఉదాహరణ, ఇది మళ్లీ తెరమీదికి వచ్చింది కాబట్టి. స్క్రిప్స్‌కి చెందిన చార్లెస్ కీలింగ్ 1958 మార్చిలో హవాయిలోని మౌనాలోవా కొండ మీద గాలిలో కార్బన్ డయాక్సైడ్ కొలవడం మొదలుపెట్టాడు. మొదటి కొలత పది లక్షల భాగాల్లో 313. ఐదారేళ్లకు బడ్జెట్ కోతలు వచ్చాయి. కీలింగ్ ప్రాజెక్టును ఎవరూ రద్దు చేయలేదు. కొండ మీద స్టేషన్ నడిపే మనుషులను తగ్గించారు, అంతే. 1964 వసంతంలో పరికరం చూసుకునే దిక్కు లేక కొన్ని నెలలు కొలతలు ఆగిపోయాయి. 2025 మేలో అక్కడి నెలసరి సగటు 430 దాటింది. అదే ఏడాది అమెరికా ప్రభుత్వం పంపిన బడ్జెట్ ప్రతిపాదనలో ఆ కొండ మీది అబ్జర్వేటరీని మూసేయాలని ఉంది. స్క్రిప్స్ అందరికీ అందుబాటులో ఉంచిన పట్టికలో 1964 ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్ గడులు ఇప్పటికీ అలాగే ఉన్నాయి. కొలత లేదని చెప్పడానికి అక్కడ -99.99 అని రాసి ఉంటుంది.