నోటి వేడికి కరిగే జెల్: పన్నా కోటాలోని ఒక్క శాతం కథ

ఇటలీకి వాయవ్య మూలన, ఆల్ప్స్ కొండల కింద పీడ్‌మాంట్ అనే ప్రాంతం ఉంది. పాడికి, వెన్నకి, మీగడకి పేరున్న నేల. పన్నా కోటా అనే మీగడ డెజర్ట్ అక్కడిదే. 2001లో పీడ్‌మాంట్ ప్రాంతం దీన్ని తన సంప్రదాయ ఆహారాల జాబితాలో చేర్చుకుంది కూడా. చిక్కటి క్రీమ్, పంచదార, వనిల్లా, జెలటిన్ ఉంటే చాలు. ఒవెన్‌తో పని లేదు, గుడ్డు లేదు, పిండి లేదు. క్రీమ్ వేడి చేసి, అందులో జెలటిన్ కరిగించి, కప్పుల్లో పోసి ఫ్రిజ్‌లో పెడతారు. మర్నాడు పైన స్ట్రాబెర్రీలో, ఇంకేవైనా పండ్ల గుజ్జో వేసుకుని తింటారు.

బాగా కుదిరిన పన్నా కోటాను ప్లేట్లోకి బోర్లించి, ప్లేటు అంచు మీద వేలితో తట్టి చూడండి. ముందు అడుగు కదులుతుంది, ఆ వెనకే పైభాగం కదులుతుంది. రెండు మూడు సార్లు ఊగి నిలుస్తుంది. చెంచాతో కోస్తే అంచు నున్నగా ఉంటుంది, కోసిన చోట నీరు ఊరదు. ఆ ముక్కనే నాలుక మీద పెట్టుకుని అంగిలికి ఆనిస్తే క్షణాల్లో మళ్లీ క్రీమ్ అయిపోతుంది, నమలాల్సిన పని ఉండదు. ప్లేట్లో నిలబెట్టేదీ, నోట్లో కరిగించేదీ ఒకటే పదార్థం. అరలీటరు క్రీమ్‌కి అది పడేది 5 గ్రాములు, అంటే నూటికి ఒక వంతు. మిగిలిన 99 వంతుల్ని ఆ ఒక్క వంతు ఎలా పట్టి ఉంచుతుందన్నది నాకు వంటింటి ప్రశ్నల్లో అన్నిటికంటే ఇష్టమైనది.

జెలటిన్ పుట్టిల్లు కొల్లాజెన్. మన చర్మానికి, ఎముకకి, స్నాయువుకి బలమిచ్చే ప్రొటీన్ అది. ఒక్కో కొల్లాజెన్ అణువులో మూడు పోగులు ఒకదానితో ఒకటి పెనవేసుకుని ఉంటాయి. ఒక్కో పోగులో సుమారు వెయ్యి అమైనో ఆమ్లాలు. ప్రతి మూడో స్థానంలోనూ గ్లైసీనే ఉంటుంది. అమైనో ఆమ్లాలన్నిటిలోకీ చిన్నది అదే కాబట్టి, మూడు పోగులూ దగ్గరగా చేరే లోపలి ఇరుకులో అది తప్ప వేరేది పట్టదు.

ఈ నిర్మాణాన్ని ముందుగా ఊహించి చెప్పింది మన పక్కనే ఉన్న మద్రాసులో. 1954లో మద్రాసు విశ్వవిద్యాలయంలో జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా కొల్లాజెన్‌కి మూడు పోగుల నమూనాను ‘నేచర్’ పత్రికలో ప్రకటించారు. మరుసటి ఏడాది, ఆ మూడు పోగులూ తాడు పేనినట్టు మెలితిరిగి ఉంటాయని నమూనాను సవరించారు. అప్పట్లో ఎక్స్‌రే చిత్రాల్లో కనిపించే మసక మచ్చల నుంచి, కాగితం, పెన్సిలు, లెక్కలతో ఇంత దూరం రావడం చిన్న విషయం కాదు. చిన్న చిన్న వివరాలను తర్వాత ఇతరులు సరిదిద్దినా మూడు పోగుల మెలిక మాత్రం అలాగే నిలిచింది. పక్కనే అడయారులో ఉన్న కేంద్ర తోళ్ల పరిశోధనా సంస్థకీ ఈ కథతో బంధం ఉంది. తోలంటే ప్రధానంగా కొల్లాజెనే. ఆ సంస్థలో ఒక సభామందిరం పేరు ‘ట్రిపుల్ హెలిక్స్’, అంటే మూడు పోగుల మెలిక. 1958 నుంచి ఆ సంస్థను నడిపిన యలవర్తి నాయుడమ్మ గారు తెనాలి దగ్గరి యలవర్రులో పుట్టారు. చెప్పులకీ సంచులకీ వాడే తోలూ, పీడ్‌మాంట్ డెజర్టూ ఒకే అణువు దగ్గర కలుస్తాయి.

పశువుల చర్మాన్నీ ఎముకల్నీ శుద్ధి చేసి నీళ్లలో వేడి చేస్తే ఈ మెలిక విడిపోతుంది. మూడు పోగులూ దేనికది విడిపోయి, వదులుగా ఈదుతుంటాయి. అదే జెలటిన్. ఆ ద్రావణాన్ని చల్లారిస్తే పోగులు మళ్లీ పాత జత కోసం వెతుక్కుంటాయి. కానీ మొత్తం పొడవునా కలవలేవు. ఇక్కడ కొంచెం, అక్కడ కొంచెం మెలిపడతాయి. ఒకే పోగు ఒక చోట ఒకరితో, ఇంకో చోట మరొకరితో ముడిపడుతుంది. అలా లక్షోపలక్షల ముడులు పడి, ఎటు చూసినా అల్లికే ఉన్న వల తయారవుతుంది. నీళ్లు, పంచదార, క్రీమ్‌లోని కొవ్వు బిందువులు అన్నీ ఆ వల కన్నుల్లో చిక్కుకుంటాయి. ముడులు వేసేవి హైడ్రోజన్ బంధాలు. ఒక్కొక్కటిగా అవి చాలా బలహీనం. అందుకే వేడి తగలగానే ఊడిపోతాయి, చల్లబడితే మళ్లీ పడతాయి.

మన జున్నుతో పోలిస్తే తేడా బాగా తెలుస్తుంది. జున్నుపాలను ఆవిరి మీద ఉడికిస్తే గట్టిపడతాయి, ఎందుకంటే వాటిలో దండిగా ఉన్న ప్రొటీన్లు వేడికి విచ్చుకుని ఒకదానికొకటి అతుక్కుపోతాయి. ఆ అతుకు శాశ్వతం, జున్నును ఎంత వేడి చేసినా మళ్లీ పాలు కావు. జున్నును గట్టిపరిచేది వేడి, పన్నా కోటాను గట్టిపరిచేది చల్లదనం.

మరి సరిగ్గా నోటి వేడికే ఎందుకు కరగాలి? నన్ను అన్నిటికంటే ఆశ్చర్యపరిచే సంగతి ఇదే. ఏ జంతువు కొల్లాజెన్ అయినా ఆ జంతువు ఒంటి వేడికి తగ్గట్టే గట్టిగా ఉంటుంది. పంది, ఆవు లాంటి వేడి నెత్తురు జంతువుల కొల్లాజెన్ సుమారు 37 డిగ్రీల సెల్సియస్ దగ్గర పనిచేయాలి, కాబట్టి అక్కడి దాకా మెలిక నిలబడుతుంది. దాని నుంచి తీసిన జెలటిన్‌లో ముడులు అరకొరగా పడతాయి కాబట్టి అంతకంటే కొంచెం ముందే, 30 డిగ్రీలు దాటాక, కరుగుతుంది. మన నోటి వేడి దానికి పైనే. చన్నీళ్లలో బతికే కాడ్ చేప జెలటిన్ అయితే 10 డిగ్రీల లోపు చల్లబడితే గానీ గడ్డకట్టదు. ఈ తేడాకి ముఖ్య కారణం ప్రోలీన్, హైడ్రాక్సీప్రోలీన్ అనే అమైనో ఆమ్లాలు. చన్నీటి చేపల్లో అవి తక్కువ. పైగా క్రీమ్‌లోని పాలకొవ్వు కూడా నోటి వేడికి దాదాపు మొత్తం కరుగుతుంది. వల, కొవ్వు రెండూ ఒకేసారి వదులవుతాయి. వనిల్లా వాసన అప్పుడే ముక్కుకెక్కుతుంది.

ఈ సంగతి తెలిస్తే తయారీలో ప్రతి మెట్టుకీ కారణం దొరుకుతుంది. జెలటిన్ పొడిని ముందు చన్నీళ్లలో అయిదు నిమిషాలు నానబెట్టాలి. నేరుగా వేడి క్రీమ్‌లో చల్లితే ప్రతి గింజకీ పైపొర కరిగి జిగురై, లోపలికి నీరు వెళ్లకుండా అడ్డుపడుతుంది, ఉండలు కడుతుంది. క్రీమ్‌ను పొగలు వచ్చేదాకా వేడి చేస్తే చాలు. జెలటిన్ వేశాక తెర్లనివ్వకూడదు, ఎక్కువసేపు మరిగితే పోగులు తెగి ముక్కలై వల బలం తగ్గుతుంది. తర్వాత ఓపిక కావాలి. వేడివేడిగా కప్పుల్లో పోసేస్తే గడ్డకట్టేలోపు కొవ్వు పైకి తేలుతుంది, వనిల్లా గింజలు అడుక్కి దిగుతాయి. గిన్నెను ఐసు నీళ్లలో పెట్టి, కలుపుతూ, గరిటెకి కొంచెం చిక్కగా తగిలే దాకా చల్లార్చి పోస్తే అంతా ఒకేలా ఉంటుంది.

ఫ్రిజ్‌లో నాలుగు గంటలకే గట్టిపడినట్టు కనిపిస్తుంది. కానీ ముడులు పడటం ఆగదు, రాత్రంతా సాగుతుంది. జెలటిన్ బలాన్ని కొలిచే బ్లూమ్ పరీక్షలో జెల్‌ను 10 డిగ్రీల దగ్గర 17 గంటలు ఉంచేది ఇందుకే. ఆ తర్వాత చిన్న కడ్డీని 4 మిల్లీమీటర్లు లోపలికి నొక్కడానికి ఎన్ని గ్రాముల బరువు కావాలో చూస్తారు. ఆ అంకే బ్లూమ్ సంఖ్య. బ్లూమ్ ఎక్కువున్న జెలటిన్ తక్కువ వేసినా సరిపోతుంది కాబట్టి ప్యాకెట్ మీద అంకె చూసుకోవడం మంచిది. త్వరపడి డీప్ ఫ్రీజర్‌లో మాత్రం పెట్టొద్దు, ఐసు పలుకులు వలను చింపేస్తాయి, కరిగాక నీరు కారుతుంది.

ఇక పండ్లు. స్ట్రాబెర్రీలైతే చలికాలంలో మహాబలేశ్వరం నుంచి వస్తాయి, లంబసింగిలోనూ పండిస్తున్నారు. ముక్కల మీద పంచదార చల్లి అరగంట ఉంచితే పండులోని నీరు బయటికి వచ్చి ఎర్రటి పాకం దానంతటదే తయారవుతుంది. పొయ్యి మీద ఉడికిస్తే మాత్రం పూర్తిగా చల్లారాకే పోయాలి. లేకపోతే పైపొర కరిగి, పాకం తెల్లటి క్రీమ్‌లో కలిసిపోతుంది.

కానీ పచ్చి అనాస, బొప్పాయి, కివీ, అంజూర పండు వేస్తే ఆ కప్పు పాడైనట్టే. వీటిలో ప్రొటీన్లను కోసే ఎంజైములుంటాయి. అనాసలో బ్రోమిలైన్, బొప్పాయిలో పపైన్, కివీలో ఆక్టినిడిన్. హైదరాబాదులో మాంసం మెత్తబడటానికి పచ్చి బొప్పాయి ముద్ద పట్టించేది ఈ పపైన్ కోసమే. మాంసంలో చేసే పనే పన్నా కోటాలోనూ చేస్తుంది, పోగుల్ని ముక్కలు చేస్తుంది. ముందు పండు కింది భాగం జారుతుంది, కాసేపటికి కప్పులో సగం నీళ్లవుతుంది. మళ్లీ ఫ్రిజ్‌లో పెట్టినా లాభం లేదు, ఎందుకంటే ఇక్కడ ముడి ఊడలేదు, పోగే తెగింది. పండును బాగా ఉడికిస్తే ఎంజైము చచ్చిపోతుంది, అందుకే డబ్బా అనాసతో ఈ ఇబ్బంది రాదు.

జెలటిన్ జంతువుల నుంచి వస్తుంది కాబట్టి మనలో చాలామంది తినరు. వాళ్లకి సముద్రంలో పెరిగే ఎర్ర పాచి నుంచి తీసే ఆగర్ ఉంది, కిరాణా కొట్లో చైనా గ్రాస్ అంటే ఇస్తారు. అది ప్రొటీన్ కాదు, చక్కెరలు గొలుసు కట్టిన పదార్థం. కరగాలంటే బాగా మరగాలి. 40 డిగ్రీల లోపే గడ్డకడుతుంది గానీ, ఒకసారి గట్టిపడ్డాక మళ్లీ కరగడానికి 85 డిగ్రీలు కావాలి.

ఈ తేడా వైద్యశాస్త్రాన్నే మార్చింది. 1880ల మొదట్లో బెర్లిన్‌లో సూక్ష్మజీవుల శాస్త్రవేత్త రాబర్ట్ కోహ్ ప్రయోగశాలలో బ్యాక్టీరియాను జెలటిన్ మీద పెంచేవారు. ఒంటి వేడి దగ్గర పెంచబోతే అది కరిగిపోయేది, కొన్ని బ్యాక్టీరియాలు దాన్ని తినేసి నీళ్లు చేసేవి. అక్కడ పనిచేసే వాల్టర్ హెస్సె భార్య ఫానీ హెస్సె, తన వంటింట్లో జెల్లీలకు వాడే ఆగర్‌ను వాడి చూడమంది. అంతే, ఆ చిక్కు తీరిపోయింది. ఇవాళ్టికీ ప్రయోగశాలల్లో బ్యాక్టీరియాను పెంచేది దాని మీదే. నోట్లో కరగడం అనే ఏ గుణం కోసం పీడ్‌మాంట్‌లో జెలటిన్ వాడతారో, ఆ గుణమే బెర్లిన్‌లో దాన్ని పనికిరాకుండా చేసింది.

ఆగర్‌తో చేసిన పన్నా కోటా నోట్లో కరగదు, తునకలవుతుంది. అందుకని ఆగర్ వీలైనంత తక్కువ వేయాలి. గట్టిగా పెళుసుగా అనిపిస్తే మరుసటిసారి ఇంకా తగ్గించండి. అయితే దానికీ ఓ లాభముంది. మే నెలలో విజయవాడలో గది వేడి 35 దాటినప్పుడు జెలటిన్ పన్నా కోటా ఫ్రిజ్ బయట ఎక్కువసేపు నిలవదు, ఆగర్‌ది చెక్కుచెదరకుండా ఉంటుంది. ప్రొటీన్‌ను కోసే ఎంజైములకి అందులో కోయడానికేమీ లేదు కాబట్టి, దాని మీద పచ్చి అనాస ముక్కలు నిక్షేపంగా వేసుకోవచ్చు.